వరదల్లో కబురు అందడం: చెన్నై వేళచ్చేరిలో పదేళ్లుగా వాడుతున్న మా ఏర్పాట్లు

2015 డిసెంబరు 1 రాత్రి మా వీధి చెరువైపోయినప్పుడు ఇంట్లో మోగింది ఒక్కటే, హాల్లో ఉన్న పాత ల్యాండ్‌లైన్. కరెంటు లేదు, మొబైళ్లకు సిగ్నల్ లేదు. రాగి తీగ ఫోనుకు కావలసిన 48 వోల్టులూ ఎక్స్ఛేంజి నుంచి ఆ తీగలోనే వస్తాయని తర్వాత తెలిసింది. తెలిసి కూడా 2019లో స్పీడుకు ఆశపడి ఫైబర్‌కు మారాను, రాగి తీగ పీకించేశాను. ఫైబర్‌లో కరెంటు రాదు. ఇంట్లో రౌటరు పెట్టె ఆరిపోతే ఫోనూ ఆరిపోతుంది.

అందుకని రౌటరుకు చిన్న డీసీ యూపీఎస్, అంటే కరెంటు పోతే బ్యాటరీతో నడిపే పెట్టె, కొన్నాను. మామూలు కరెంటు కోతలకు దీన్ని మించింది లేదు, మా ఇంట్లో నాలుగు గంటలు లాగుతుంది. 2023 డిసెంబరు 4న మిచౌంగ్ తుపాను వానల్లో మాత్రం దాని అసలు సంగతి బయటపడింది. రౌటరు మీద పచ్చ లైట్లు వెలుగుతూనే ఉన్నాయి, నెట్ లేదు. వీధి చివర కంపెనీవాళ్ల పెట్టెకు కరెంటు పోయింది. నా యూపీఎస్ నా గుమ్మం దాకానే!

రెండు సిమ్ముల కథా అంతే. వేరువేరు కంపెనీలవి కదా అని ధీమాగా ఉన్నాను. రెండూ ఒకే గంటలో పోయాయి. పక్క వీధి మేడ మీదున్న ఒకే టవరుకు రెండు కంపెనీల యాంటెనాలూ వేలాడుతున్నాయని వాన తగ్గాక తలెత్తి చూస్తే తెలిసింది. పేర్లు రెండు, ఆధారం ఒకటే. కొన్ని తుపాన్లలో టెలికం శాఖ ఇంట్రా సర్కిల్ రోమింగ్ తెరిపిస్తుంది, అంటే మన కంపెనీ సిగ్నల్ లేకపోయినా వేరే కంపెనీ టవరు పట్టుకోవచ్చు. సెట్టింగుల్లో నెట్‌వర్కును మనమే ఎంచుకోవడం ఇంట్లో అందరికీ ముందే నేర్పాలి. నీళ్లు గేటు దాటాక నేర్పుదామంటే ఎవరూ వినరు.

వాకీటాకీలు నా చేత అందరికంటే ఎక్కువ తిట్లు తిన్నాయి. లైసెన్సు అక్కర్లేని 446 మెగాహెర్ట్జ్ జత కొన్నాను. డబ్బా మీద 5 కిలోమీటర్లని ఉంది. పక్కనున్న మడిపాక్కంలోని బావతో మాట్లాడదామని ఆశ. మా కాంక్రీటు మేడల మధ్య రెండు వీధులు దాటితే బరబర తప్ప ఏమీ వినపడదు. కానీ 2023లో మేడ మీంచి కిందికి, పాలు తెచ్చే పడవ ఎక్కడిదాకా వచ్చిందో చెప్పుకోవడానికి భలే పనికొచ్చాయి. అన్నట్టు, ఆన్‌లైన్లో చవగ్గా దొరికే 5 వాట్ల సెట్ల జోలికి పోకండి, లైసెన్సు లేకుండా వాడితే కేసవుతుంది. శాటిలైట్ ఫోను సంగతీ అంతే.

హ్యామ్ రేడియో, అంటే పరీక్ష రాసి లైసెన్సు తీసుకుని దూరాలకు మాట్లాడుకునే రేడియో, ఆ పరీక్ష నేను రాయలేదు. మా అపార్టుమెంటులో ఒకాయనకు ఆ లైసెన్సు ఉంది, అది చాలు.

బ్యాటరీ రేడియోకు మాత్రం పూర్తి మార్కులు. 2016 డిసెంబరు 12న వర్దా తుపాను చెట్లన్నీ కూల్చి రోజుల తరబడి కరెంటు లేకుండా చేసినప్పుడు, 101.4 ఎఫ్ఎం ఒక్కటే మాకు దిక్కు. తర్వాత సెల్స్ లోపలే ఉంచి మరిచిపోయాను, కారి తుప్పు పట్టి ఆ సెట్టు పోయింది. ఇప్పుడు సెల్స్ విడిగా కవర్లో ఉంటాయి.

నాకు అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడింది పైసా ఖర్చు లేనిది. వాట్సాప్‌లో ఒక్క టిక్కు దగ్గర ఆగిపోయిన కబురు, ఎస్ఎంఎస్ పెడితే వెళ్లింది. దానికి డేటా అక్కర్లేదు. అవతలి ఫోనుకు సిగ్నల్ లేకపోతే ఫోను కంపెనీ సెంటర్లో కాసుకుని ఉండి, వచ్చాక చేరుతుంది. అందుకే మాట పెట్టుకున్నాం: 6, 9, 12 గంటలకు పది నిమిషాలు ఫోను ఆన్, ఒక ఎస్ఎంఎస్, మళ్లీ ఆఫ్. చార్జింగూ మిగులుతుంది. అందరి కబుర్లూ ఊరవతలున్న ఒకరికే చేరాలి. మొదట నెల్లూరు బాబాయిని పెట్టుకున్నాం. మిచౌంగ్ మమ్మల్ని ముంచి, నెల్లూరు తీరం పక్కగా పోయి 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. బాబాయికీ సిగ్నల్ లేదు! ఇప్పుడు ఆ పని హైదరాబాదు అత్తయ్యది.

నంబర్లన్నీ అమ్మ కాగితం మీద రాసి లామినేషన్ చేయించింది: అత్తయ్య, బావ, 112, కార్పొరేషన్ 1913, రాష్ట్ర కంట్రోల్ రూమ్ 1070, జిల్లాది 1077. ఫోను ఆగిపోయాక అందులోని కాంటాక్టులు గుర్తుండవు కదా.

ఈశాన్య రుతుపవనాలు రాకముందే, ఏటా అక్టోబరు మొదటి ఆదివారం అన్నీ ఆన్ చేసి చూస్తాం. పోయినసారి ఎస్ఎంఎస్ చూసి అత్తయ్య వెంటనే ఫోన్ చేసింది: "ఇది నిజంగా మునగడమా, మీ రిహార్సలా? ముందే చెప్పండర్రా, ఇక్కడ నాకు టెన్షన్."