పాత ఇంజన్ వయసు: రేకు మీది కోడ్ నమ్మాలా, లోపలి పార్టులనా?

గాజువాక ఆటోనగర్‌లో అమెరికా కంపెనీ బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్ చేసిన పాత చిన్న పెట్రోల్ ఇంజన్ కంటపడిందనుకోండి, వయసు తేల్చడానికి రెండు దారులు: కోడ్ చదవడం, లేదా విప్పి చూడడం.

కోడ్ సులువు. ఫ్లైవీల్‌ని (ఇంజన్‌తో పాటు తిరిగే బరువైన చక్రాన్ని) కప్పే రేకు మీద మోడల్, టైప్, కోడ్ అని అంకెలు గుద్ది ఉంటాయి, మనకు కావాల్సింది మూడోది. 78051203 అని ఉంటే 1978 మే 12న తయారైనట్టు, చివరి రెండంకెలు ఫ్యాక్టరీవి. రోజుతో సహా చెప్పేస్తుంది! కానీ మన వైజాగ్ ఉప్పుగాలికి ముందు తుప్పు పట్టేది ఆ రేకే. కిరోసిన్ గుడ్డతో తుడిచి టార్చ్ వాలుగా వేస్తే అంకెలు కాస్త తేలతాయి, గరుకు కాగితంతో మాత్రం రుద్దకండి. పైగా అది బోల్టులు విప్పితే వచ్చేసే రేకు, ఎవరైనా వేరే ఇంజన్‌ది తెచ్చి బిగించి ఉంటే మీరు లెక్కగట్టేది రేకు వయసే.

పార్టులు తేదీ చెప్పవు, కాలం చెబుతాయి. స్పార్క్ పుట్టించే మ్యాగ్నెట్రాన్ ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ ఈ ఇంజన్లకు వచ్చింది 1982లో, కాబట్టి ఫ్లైవీల్ కింద పాత పద్ధతిలో స్పార్క్ ఇచ్చే పాయింట్లు, కండెన్సర్ కనిపిస్తే అంతకు ముందుదని అనుకోవచ్చు. మ్యాగ్నెట్రాన్ ఉంది కదా అని కొత్తదనుకోవద్దు, పాతవాటికీ తగిలించుకుంటారు. సిలిండర్ బ్లాక్ అల్యూమినియందైతే 1953 కన్నా పాతది కాదు.

నేనైతే కోడ్‌తోనే మొదలుపెడతా, పార్టులు అడ్డం తిరిగితే పార్టుల మాటే వింటా. కొత్త పెయింట్ కొట్టి "తాతల నాటిది గురూ" అని రేటు పెంచితే, ముందు ఆ రేకు విప్పి చూపించమనండి.