పాత చీరలతో కుట్టిన వంటింటి గుడ్డలు: ఆరు వారాల వాడకం తరువాత

మా ఇంట్లో గిన్నెలు తుడవడానికి చిరిగిన బనియనో, నాన్నగారి పాత పంచె ముక్కో వాడడమే అలవాటు కనుక, వంటింటి గుడ్డను డబ్బు పెట్టి కొంటానని నేనెన్నడూ అనుకోలేదు. అయితే సంక్రాంతి తరువాత మా పేటలో పెట్టిన చిన్న అంగళ్లలో, ఒక మహిళా పొదుపు సంఘం వారు వాడేసిన నేత చీరలతో కుట్టిన గుడ్డలు కనిపించగా, ఆరు గుడ్డల కట్టను 240 రూపాయలకు తీసుకున్నాను.

ఒక్కొక్కటి సుమారు జానెడున్నర పొడవు, అంతే వెడల్పు ఉంటుంది. చీర గుడ్డను మూడు పొరలుగా పరచి, మన ఇళ్లలో పెద్దవాళ్లు బొంతలు కుట్టిన తీరులోనే అర అంగుళం ఎడంతో చేతికుట్టు వేసి, అంచులను మాత్రం మిషను మీద మడిచి కుట్టారు. జరీ గిన్నెలను గీస్తుంది కనుక ఆ భాగాన్నీ, కింద కుట్టిన ఫాల్‌నూ ముందే కత్తిరించి తీసేశారు. తీసిన జరీ అంచును పారవేయకుండా, గుడ్డను మేకుకు తగిలించుకోవడానికి మూలన చిన్న ఉంగరంలా కుట్టడం నాకు ముచ్చటగా అనిపించింది.

పనితనం విషయంలో నాకు ఫిర్యాదు లేదు. కొత్త గుడ్డ మీద గంజీ, మిల్లులో పట్టించిన పూతలూ పోయేదాకా నీటి చుక్క పైపైనే జారిపోతుంది గానీ, ఏళ్ల తరబడి ఉతుకులు తిన్న చీర మొదటి రోజు నుంచే నీటిని పీల్చుకుంటుంది. పైగా నూలు పోగు తడిసినప్పుడు బలహీనపడదు సరికదా, ఇంకాస్త గట్టిపడుతుంది. ఇడ్లీ రేకుల గుంటల్లోకి మందపాటి తువ్వాలు వంగదు. ఈ గుడ్డ మాత్రం వేలి కొసతో పాటే లోపలికి దిగి, గుంట చుట్టూ ఒక్కసారి తిప్పితే చెమ్మ లేకుండా చేస్తుంది. స్టీలు గ్లాసుల మీద నూగు కూడా మిగలదు.

అసలు లోపం గుడ్డల ఎంపికలో ఉంది. ఆరింటిలో ఒకటి ఎంత తుడిచినా పళ్లెం మీద నీటిని అటూ ఇటూ పులమడమే తప్ప పీల్చుకోలేదు. అనుమానం వచ్చి అంచు నుంచి ఒక పోగు లాగి అగ్గిపుల్లతో వెలిగించి చూశాను. నూలైతే కాగితం కాలిన వాసన వచ్చి మెత్తటి బూడిద అవుతుంది. ఇది కరిగి, చల్లారిన తరువాత నల్లటి గట్టి పూసలా మిగిలింది. అంటే పాలియెస్టర్ అన్నమాట. నీరు పీల్చకపోవడం చిన్న విషయమే గానీ, అమ్మేటప్పుడు ‘మసిగుడ్డగానూ వాడుకోవచ్చమ్మా’ అని చెప్పిన గుడ్డ పొయ్యి దగ్గర కరిగితే చేతికి అంటుకుంటుంది. ఎవరెవరి ఇళ్ల నుంచో తెచ్చిన చీరలలో ఏది ఏమిటో కంటికి తెలియదన్నది నిజమే; ఒక్క పోగు కాల్చి చూడడానికి మాత్రం అర నిమిషం పట్టదు. ఆ మాటకొస్తే, మిగిలిన నూలు గుడ్డలనూ పొడిగా ఉంటేనే మసిగుడ్డగా వాడాలి. తడి గుడ్డతో కాగిన మూకుడు పట్టుకుని ఒకసారి వేళ్లు కాల్చుకున్నాను.

మెరూన్ రంగు గుడ్డ మొదటి రెండు ఉతుకుల్లో రంగు వదిలింది. ఉప్పు నీళ్లలో నానబెట్టినా ఫలితం లేకపోగా, దానితో కలిపి నానబెట్టిన తెల్ల రుమాలు గులాబీ రంగుకు తిరిగింది. ఆ తప్పులో సగం నాదే.

మూడు పొరలు కావడం వల్ల ఇంట్లో ఆరేస్తే తెల్లవారేసరికి కూడా మధ్యలో చెమ్మ ఉండి, ముక్కిన వాసన పడుతున్నాయి. వారానికొకసారి వేడినీళ్లలో కాస్త వాషింగ్ సోడా వేసి నానబెట్టి, ఎండలో దండెం మీద ఆరేస్తే ఆ వాసన పోతోంది. బట్టలు మెత్తబడడానికి వాడే ద్రవాలు మాత్రం వీటికి తగిలించకూడదు; ఆ జిడ్డు పట్టిందంటే నీరు పీల్చడం తగ్గిపోతుంది.

పాత చీర ముక్కకు 40 రూపాయలా అని మా అత్తగారు ముఖం చిట్లించారు. మాట నెగ్గించుకుందామని ఇంట్లో ఉన్న వెంకటగిరి చీరతో ఒకటి నేనే కుట్టబోతే, కత్తిరింపుతో కలిపి గంటన్నర పట్టింది. కుట్టూ వంకరగానే వచ్చింది. ఆ లెక్కన ధర తక్కువే అనిపించి, వచ్చే నెల మరో కట్ట కొనాలనుకుంటున్నాను. అయితే ఈసారి లేత రంగులే ఏరుకుని, డబ్బు ఇచ్చే ముందు ప్రతి గుడ్డ మీదా సీసాలోంచి ఒక నీటి చుక్క వేసి చూసుకుంటాను.