గ్రేడు కనిపించని ఏడాది: రీడ్ కాలేజీలో హ్యూమ్ 110

అమెరికాలో పోర్ట్‌లాండ్‌లోని రీడ్ కాలేజీలో హ్యూమ్ 110 అనే హ్యుమానిటీస్ (సాహిత్యం, చరిత్ర లాంటివి) కోర్సు సిలబస్ ఏమిటో వెతికితే దొరుకుతుంది కాబట్టి ఆ వివరాల జోలికి పోను. ఫస్టియర్ వాళ్లందరూ, నాలాగా బయాలజీ కోసం వెళ్లినవాళ్లు కూడా, ఏడాది పొడవునా చదవాల్సిందే. అందులో నాకు అన్నిటికన్నా నచ్చింది ఒక్కటే. రాసిచ్చిన పేపర్ (వ్యాసం) మీద గ్రేడు వేసి ఇవ్వరు. డిగ్రీ చేతికొచ్చాక కూడా ఆ మాటే చెప్తున్నాను.

గుంటూరులో బైపీసీ చదివినదాన్ని. 440 మార్కులకు ఎన్ని వస్తాయన్నదే లోకం. సంస్కృతం తీసుకున్నది కూడా మార్కుల కోసమే. ఎనిమిది మార్కుల ప్రశ్నకు ఎన్ని పాయింట్లు రాయాలో నిద్రలో లేపి అడిగినా చెప్పగలిగేదాన్ని.

ఏథెన్స్ భాగంలో, ఏథెన్స్‌కీ స్పార్టాకీ మధ్య జరిగిన యుద్ధం మీద ప్రాచీన గ్రీకు చరిత్రకారుడు థుసిడిడీస్ రాసిన చరిత్ర చదివాం. పేపర్‌కి నేను అందులో ఏథెన్స్ నాయకుడు పెరిక్లీస్ చేసిన ప్రసంగం తీసుకున్నాను. యుద్ధం మొదలైన ఏడాది చనిపోయిన సైనికులకు నగరమే అంత్యక్రియలు చేస్తుంది. తెగకొకటి చొప్పున సైప్రస్ అనే చెట్టు చెక్కతో చేసిన పెట్టెల్లో ఎముకలు పెట్టి ఊరేగించి తీసుకెళ్తారు. ఆ సందర్భంలో పెరిక్లీస్ ఏథెన్స్ ప్రజాస్వామ్యాన్ని ఎలా పొగిడాడో రాసిచ్చాను.

తిరిగొచ్చిన పేపర్‌లో మార్జిన్ల నిండా పెన్సిల్ రాతలు. చివర ఒక ప్రశ్న: ప్రసంగం అవగానే రచయిత మహమ్మారి గురించి చెప్తాడు కదా, అక్కడ శవాలను ఏం చేశారో చూశావా?

తీసి చూశాను. క్రీ.పూ. 430లో ఏథెన్స్‌ను మహమ్మారి పట్టుకుంది. చావులు ఎక్కువైపోయి, ఎవరో పేర్చుకున్న చితి మీద ఇంకెవరో తమవాళ్ల శవాన్ని పడేసి వెళ్లిపోయేవాళ్లట. కొన్ని పేజీల ముందు అంత పద్ధతిగా ఎముకలు ఊరేగించిన ఊరే ఇది! రెండూ పక్కపక్కన పెట్టి చదివితే ఆ ప్రసంగం నాకు పూర్తిగా వేరేలా వినిపించింది. తర్వాత ప్రొఫెసర్ గదిలో ఇద్దరమే కూర్చుని మాట్లాడుకున్నాం. నా వాదన తప్పని ఆవిడ అనలేదు. పెరిక్లీస్ చెప్పిన ఏథెన్స్‌ను థుసిడిడీస్ కూడా నమ్మాడంటావా అని అడిగారు. హాస్టల్‌కి వెళ్లి మొత్తం మళ్లీ రాశాను, ఎవరూ రాయమనకుండానే. పైన బి ప్లస్ అని ఉంటే అది చూసుకుని పేపర్ బ్యాగులో పెట్టేసేదాన్ని.

అలాగని గ్రేడ్లే లేవనుకోకండి. వేస్తారు, రికార్డులో ఉంటాయి, అడిగితే చెప్తారు. బాగా తగ్గితే వాళ్లే కబురు పెడతారు. కబురు రాలేదంటే గండం గడిచినట్టే అన్న ధీమా నా ప్రశాంతతలో కొంత ఉందని ఇప్పుడు అనిపిస్తుంది. "మార్కులు చెప్పకపోతే నువ్వెలా చదువుతున్నావో మాకెలా తెలుస్తుందమ్మా?" అని నాన్న ఫోన్‌లో అడిగేవారు. ఆయన టెన్షన్‌లోనూ న్యాయముంది. ఉద్యోగాలకు అప్లై చేసేటప్పుడు నేనూ అడిగి చూసుకున్నాను.

ఇంకోటి. గ్రీకుల గురించి స్కూల్లో కాస్తయినా విన్నాం కాబట్టి అక్కడ ఈ ప్రశ్నల పద్ధతి నాకు బాగా కలిసొచ్చింది. విద్యార్థుల నిరసనల తర్వాత 2018లో సిలబస్ మార్చి మెక్సికో సిటీ, న్యూయార్క్‌లోని నల్లజాతివారి పేట హార్లెం చేర్చారు. చేర్చడం మంచిదే. కానీ మెక్సికో సిటీ ఉన్నచోట ఒకప్పుడు ఉన్న అజ్టెక్‌ల రాజధాని టెనోచ్టిట్లాన్ పేరే అప్పటిదాకా వినని నాకు, మార్జిన్‌లోని ప్రశ్న అర్థం కావాలన్నా ముందు బోలెడు చరిత్ర చదువుకోవాల్సి వచ్చింది. అప్పుడు ల్యాబ్ రిపోర్టులు వెనకబడ్డాయి.

నాది ఇంగ్లిష్ మీడియం, పైగా కాలేజీ ఆర్థిక సాయం ఉంది. తెలుగు మీడియం నుంచి నేరుగా వచ్చేవాళ్లకు ఆ చదివే వేగం మొదట్లో గట్టిగానే తగులుతుంది. మెడిసిన్ వైపు వెళ్లాలనుకునేవాళ్లు ప్రతి సెమిస్టర్ చివర గ్రేడు అడిగి తెలుసుకోవడం మేలు. త్వరగా ఉద్యోగంలో చేరి లోను తీర్చాల్సినవాళ్లకు ఇంత ఖరీదైన చోట ఏడాదంతా ఈ కోర్సు చదవమని నేను చెప్పలేను. నా వరకైతే మళ్లీ చేరతాను, కాకపోతే ఆ సెమిస్టర్లలో ల్యాబ్ ఉన్న సబ్జెక్టు ఒక్కటే పెట్టుకుంటాను.