నార్కట్‌పల్లి దగ్గర తాటికల్లు, నాటుకోడి కూర

క్రాఫ్ట్ బీరంటే, అంటే చిన్న బ్రూవరీల్లో తయారయ్యే బీరంటే, ప్రాణం పెట్టే బెంగళూరు మిత్రులు శని, ఆదివారాలు మా ఇంట్లో ఉన్నారు. వాళ్లకు మన తాటికల్లు రుచి చూపించాల్సిందే అనుకున్నాను. నల్గొండ జిల్లా నార్కట్‌పల్లి దగ్గర, చెరువుగట్టు గుడికి వెళ్లే దారిలో, తాటిచెట్ల మధ్య బోర్డయినా లేని కల్లు మండువా ఇది.

పొద్దున్నే వెళ్లండి. గీత కార్మికుడు మోకు బిగించి చెట్టెక్కి, లొట్టి దించి, తాటాకు రేకులో నురగతో సహా పోస్తాడు. ఆ వేళ కల్లు తియ్యగా, చల్లగా ఉండి చివర్లో కొద్దిగా వగరు తగులుతుంది. బీరుకు మాల్టు (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ), హాప్స్ (చేదునిచ్చే పూలు), రోజుల తరబడి ఓపిక కావాలి. కల్లుకు గాలిలో, కుండలో ఉండే ఈస్టే చాలు, గంటల్లో పులుస్తుంది. బెల్జియం లాంబిక్ బీరు కూడా ఇలా సహజమైన ఈస్టుతోనే పులుస్తుందని మిత్రుడొకడు సంబరపడ్డాడు. అతనికి మధ్యాహ్నపు పుల్లటి కల్లే నచ్చింది. నా ఓటు పొద్దుటిదానికే.

పక్కనే ఒక పెద్దమ్మ కట్టెల పొయ్యి మీద నాటుకోడి కూర వండుతుంది. ఎండుకొబ్బరి, ధనియాలు అప్పటికప్పుడు నూరి వేస్తుంది. ముక్క కాస్త గట్టిగానే ఉంటుంది, నాటుకోడి అలాగే ఉండాలి. పెనం మీది జొన్నరొట్టె నేరుగా విస్తరిలోకి వస్తుంది. అంచు కరకర, నడుమ మెత్తన. ఆ పులుసులో ముంచి తింటుంటే మాటలు ఆగిపోయాయి. బోటి వేపుడు మాత్రం ఆదివారం నూనె ఓడుతూ వచ్చింది.

నగదు తీసుకెళ్లండి. బండి నడిపేవారు తాగకూడదు, మాకు తమ్ముడు నడిపాడు. వేసవిలో వెళ్తే ముంజలు కూడా అడగండి.