కిడ్నీ క్యాడ్‌హెరిన్: ఈ. కోలైలో చేసిందా, హెచ్‌ఈకేలో చేసిందా, ఏది మేలు?

బెంగళూరు ల్యాబుల్లో పీహెచ్‌డీ చేస్తున్న మన తెలుగు పిల్లలు ఇండెంట్ పెట్టే ముందు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఇది. కేఎస్‌పీ-క్యాడ్‌హెరిన్ (సీడీహెచ్16 అనీ అంటారు) కిడ్నీ కణాలను ఒకదానికొకటి అతికించే ప్రొటీన్. అది రీకాంబినెంట్‌గా, అంటే దాని జన్యువును వేరే కణంలో పెట్టి చేయించింది, కావాలి. క్యాటలాగులో ఒకటి ఈ. కోలై అనే బ్యాక్టీరియాలో చేసింది, ఇంకొకటి హెచ్‌ఈకే293 అనే మనిషి కణాల్లో చేసింది. రెండోదాని ధర చూశాక గైడ్‌ని అడగడానికి నోరు రాదు. "అన్నా, చవకది సరిపోదా?" అంటారు.

దానితో ఏ పని చేయించుకోవాలో ముందు తేల్చుకోండి. వెస్టర్న్ బ్లాట్‌లో (యాంటీబాడీతో ప్రొటీన్‌ని బ్యాండ్‌గా గుర్తించే పరీక్ష) పాజిటివ్ కంట్రోల్‌గానో, యాంటీబాడీ పుట్టించడానికో అయితే ఈ. కోలైది చాలు, డబ్బు మిగుల్చుకోండి. ఒక్క జాగ్రత్త: క్యాటలాగులో ఉన్నది ఏ ముక్కో చూసుకోండి. మీ యాంటీబాడీ గుర్తుపట్టే భాగం అందులో లేకపోతే బ్యాండ్ రాదు.

కణాలు ఒకదాన్నొకటి ఎలా పట్టుకుంటాయో చూడాలంటే మాత్రం లెక్క మారుతుంది. ఈ ప్రొటీన్ కిడ్నీ గొట్టాల కణాల్లో, పక్క కణాన్ని ఆనుకునే పొరమీద ఉంటుంది. మామూలు క్యాడ్‌హెరిన్లకు కణం బయట ఐదు డొమైన్లు (విడివిడిగా మడతపడే భాగాలు) ఉంటే దీనికి ఏడు. లోపలి తోక మరీ పొట్టి, క్యాడ్‌హెరిన్‌ని కణం లోపలి చట్రానికి కలిపే క్యాటెనిన్లను పట్టుకునే భాగం అందులో లేదు. అంటే అతుక్కునే పనంతా బయటి డొమైన్లదే. ఆ డొమైన్ల మధ్య కాల్షియం కూర్చుంటేనే అవి నిటారుగా బిగుసుకుంటాయి. కాల్షియం తీసేస్తే సడలిపోతాయి.

దీనికి చక్కెర గొలుసులు కూడా దండిగా తగులుతాయి. మొత్తం 829 అమైనో ఆమ్లాలు, లెక్క ప్రకారం సుమారు 90 కిలోడాల్టన్లు. జెల్ మీద మాత్రం 130 దగ్గర కనిపిస్తుంది. ఆ తేడాలో ఎక్కువ భాగం చక్కెరలదే. మామూలు ఈ. కోలై వాటిని తగిలించలేదు. హెచ్‌ఈకే తగిలిస్తుంది. 1973లో లైడెన్‌లో తయారైన ఈ కణాల పేరులో కిడ్నీ ఉంది కాబట్టి కిడ్నీ ప్రొటీన్‌కి ఇవే మంచివని కొందరు అనుకుంటారు. కారణం అది కాదు, మనిషి కణాల్లోని మడతపెట్టే యంత్రాంగం, చక్కెరలు తగిలించే యంత్రాంగం వీటిలో ఉండటమే కారణం.

ఈ. కోలైని తీసిపారేయనక్కర్లేదు. ఒకటి రెండు డొమైన్ల చిన్న ముక్కలు అందులో బాగానే మడతపడతాయి, క్యాడ్‌హెరిన్ల తొలి స్ఫటిక నిర్మాణాలు అలా వచ్చినవే. ఏడు డొమైన్ల పొడవైన ప్రొటీన్ అతుక్కునే తీరు చూసే ప్రయోగానికి మాత్రం దాని మీద ఆధారపడమని నేను చెప్పను.

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఎండోటాక్సిన్ సంగతి. ఈ. కోలై ప్రొటీన్‌తోపాటు దాని ఎల్‌పీఎస్ (బ్యాక్టీరియా పొరలో ఉండే ఎండోటాక్సిన్ ఇదే) కూడా ట్యూబులోకి వస్తుంది. కిడ్నీ గొట్టాల కణాలకు దాన్ని పసిగట్టే టీఎల్ఆర్4 అనే గ్రాహకం ఉంది. మీరు ప్రొటీన్ వేస్తారు, కణాలు సైటోకైన్లు (వాపు సంకేతాలు) వదులుతాయి, క్యాడ్‌హెరిన్ ప్రభావమని నెలల తరబడి దాని వెంట తిరుగుతారు. కణాల మీద వేసేదైతే ఎండోటాక్సిన్ పరిమితి రాసి ఇచ్చిన ట్యూబే తెప్పించండి. హెచ్‌ఈకేదైనా సరే, ఆ అంకె అడగండి.

ట్యాగ్, అంటే ప్రొటీన్‌ని శుద్ధి చేయడానికి కొసన తగిలించే అదనపు ముక్క, సంగతీ చూడాలి. ఎఫ్‌సీ ట్యాగ్ (యాంటీబాడీ ముక్క) ఉన్న ప్రొటీన్ జంటగా మారుతుంది, కాబట్టి పట్టు ఉన్నదానికన్నా గట్టిగా కనిపిస్తుంది. ప్లేటుకు పూసి కణాలను అతికించడానికి అది బాగు. ఎస్‌పీఆర్‌లో (కాంతి సాయంతో అతుకును కొలిచే పద్ధతి) బంధం బలం కొలవాలంటే హిస్ ట్యాగ్‌దే తీసుకోండి. ట్యాగ్ సీ-టెర్మినల్ (చివరి కొస) వైపు ఉంటే మంచిది: క్లాసికల్ క్యాడ్‌హెరిన్లు ఎన్-టెర్మినల్ (మొదటి) కొసతోనే అతుక్కుంటాయి, అక్కడ అదనంగా ఏం మిగిలినా పట్టు చెడుతుంది. డై తగిలించే ఉద్దేశం ఉంటే బీఎస్ఏ (ప్రొటీన్ చెడకుండా కలిపే ఆవు అల్బుమిన్) కలపనిది కావాలి, లేకపోతే డైలో ఎక్కువ భాగం బీఎస్ఏకే పోతుంది.

ఎంత ఖరీదైనది తెచ్చినా కాల్షియాన్ని లాగేసే ఈడీటీఏ ఉన్న బఫర్‌లో వేస్తే అతుకు కనిపించదు. హెపీస్ లేదా ట్రిస్ బఫర్‌లో 1–2 మిల్లీమోలార్ కాల్షియం క్లోరైడ్ ఉంచండి. ఈడీటీఏని కంట్రోల్‌గా విడిగా వాడండి: అది వేశాక కూడా అతుకు పోలేదంటే మీరు చూస్తున్నది క్యాడ్‌హెరిన్ పని కాదు.

ల్యాబ్‌లో హెచ్‌ఈకే కల్చర్ ఇప్పటికే నడుస్తూ, ప్రొటీన్ చాలాకాలం కావలసి ఉంటే సొంతంగా చేసుకోవడమే నాకిష్టం. ప్లాస్మిడ్ (జన్యువు ఉన్న డీఎన్‌ఏ వలయం) ఒకసారి చేతికొస్తే దాన్ని పీఈఐ అనే పాలిమర్‌తో కణాల్లోకి ఎక్కించి, మీడియంలోకి వదిలిన ప్రొటీన్‌ని హిస్ ట్యాగ్ సాయంతో నికెల్ కాలమ్ మీద పట్టొచ్చు. ఒకటి రెండు ప్రయోగాల కోసమైతే ఆ శ్రమ దండగ, కొనేయండి. విదేశం నుంచి వచ్చేది కెంపేగౌడ విమానాశ్రయంలో కస్టమ్స్ దగ్గర ఆగితే డ్రై ఐస్ ఆవిరైపోతుంది, అందుకని పొడి రూపంలో దొరికితే అదే రాయండి. పొడిని వచ్చిన రోజే బఫర్‌లో కలిపి, చిన్న చిన్న ట్యూబుల్లోకి పంచి మైనస్ 80లో పెట్టండి. గడ్డకట్టిన ట్యూబును ఒకసారి కరగనిస్తే మళ్లీ గడ్డకట్టించొద్దు.