లీ ఫ్యాక్టరీ క్రింప్ డై: .30-30కి కావాల్సిందే, నా .308కి అక్కర్లేదు

టెక్సస్‌లో వేటకీ టార్గెట్ ప్రాక్టీసుకీ నా రౌండ్లు (ఇత్తడి కేసులో పౌడర్, పైన బుల్లెట్ ఉండే తూటాలు) నేనే లోడ్ చేసుకుంటాను. (ఇండియాలో లైసెన్స్ లేకుండా ఈ పని చేయడం 1959 ఆయుధాల చట్టం ప్రకారం నేరం. అక్కడివాళ్లు దీన్ని చదివి ఊరుకోవాలి.) .30-30 విన్‌చెస్టర్ రౌండ్లకి లీ ప్రెసిషన్ వాళ్ల ఫ్యాక్టరీ క్రింప్ డై (కేసు అంచుని బుల్లెట్ మీదికి నొక్కి బిగించే, అంటే క్రింప్ చేసే, ప్రెస్ అచ్చు) ఏళ్ల తరబడి వాడుతున్నాను. డై చాలా బాగుంది. కానీ బుల్లెట్‌ని అసలు పట్టుకునేది నెక్ టెన్షనే, అంటే కేసు మూతి భాగమైన నెక్ బిగువే. నెక్ వదులుగా ఉంటే ఏ క్రింపూ కాపాడలేదు.

సైజింగ్ డైలో కేసు నెక్‌ని బుల్లెట్ కన్నా కాస్త ఇరుకు చేస్తాం. బుల్లెట్ దిగేటప్పుడు ఇత్తడి కొద్దిగా సాగి దాన్ని బిగబడుతుంది. సైజ్ చేశాక నెక్ బయటి కొలత ఎంత, బుల్లెట్ కూర్చున్నాక ఎంత అని కాలిపర్‌తో చూస్తే టెన్షన్ తెలిసిపోతుంది. 0.002 నుంచి 0.003 అంగుళం తేడా ఉంటే నాకు చాలు. ఇంకా ఇరుకు చేస్తే పట్టు కూడా అంతే పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. పెరగదు. ఒక హద్దు దాటాక ఇత్తడి సాగిపోయి అలాగే ఉండిపోతుంది. పలుమార్లు కాల్చిన కేసుల్లో ఇంకో చిక్కుంది. ఇత్తడి గట్టిపడి, సైజ్ చేశాక కూడా వెనక్కి తెరుచుకుంటుంది. ప్రెస్ హ్యాండిల్ నొక్కుతుంటేనే తెలుస్తుంది: ఒక బుల్లెట్ మెత్తగా జారిపోతుంది, పక్కదానికి బలం పెట్టాలి. అప్పుడు నెక్‌లని అనీల్ చేయాలి (వేడిచేసి మెత్తబరచాలి), క్రింప్ గట్టిగా కొట్టడం కాదు. క్రింప్ ఒత్తిడి తీసేయగానే ఇత్తడి ఎంతో కొంత వెనక్కి వస్తుంది, బుల్లెట్ మాత్రం రాదు. అతిగా నొక్కితే ఉన్న పట్టు కూడా పోతుంది.

మరి .30-30కి క్రింప్ ఎందుకంటే, విన్‌చెస్టర్ 94, మార్లిన్ 336 లాంటి లివర్ రైఫిళ్లలో మ్యాగజైన్ గొట్టంలా ఉంటుంది. ఒక రౌండ్ మొన దాని ముందున్న రౌండ్ అడుగుకి ఆనుకుని ఉంటుంది. స్ప్రింగ్ ఎప్పుడూ నెడుతూనే ఉంటుంది, కాల్చిన ప్రతిసారీ కుదుపు తోడవుతుంది. బుల్లెట్ లోపలికి దిగిపోతే పౌడర్‌కి చోటు తగ్గి ప్రెషర్ పెరుగుతుంది. అది ప్రమాదం.

సీటింగ్ డైతో వేసే రోల్ క్రింప్ కేసు అంచుని పైనుంచి కిందికి మడుస్తుంది. కేసులన్నీ ఒకే పొడవుకి ట్రిమ్ చేసి ఉండకపోతే ఒకదానికి క్రింప్ చాలదు, ఇంకోదానికి ఎక్కువై షోల్డర్ (నెక్ కింద కేసు వెడల్పయ్యే చోటు) ఉబ్బుతుంది. ఉబ్బిన రౌండ్ చాంబర్‌లోకి పోదు. .30-30 నెక్ గోడలు పలచన కాబట్టి ఈ బెడద ఎక్కువ. లీ డైలో కాలెట్ (చీలికలున్న బిగింపు ఉంగరం) పక్కలనుంచి నొక్కుతుంది. పొడవులో చిన్న తేడాలున్నా షోల్డర్ మీద భారం పడదు. నాకు దీనిలో అన్నిటికన్నా నచ్చింది ఇదే. షెల్ హోల్డర్‌ని (ప్రెస్‌లో కేసు అడుగుని పట్టే ముక్కని) తాకేదాకా డైని తిప్పి, అక్కణ్నుంచి కొద్దికొద్దిగా దించుతాను. అంచు బుల్లెట్ చుట్టూ ఉండే కానెలూర్ గాడిలోకి సన్నటి ఉంగరంలా దిగితే ఆపేస్తాను.

ఒక రౌండ్ పొడవు కొలిచి, గుర్తు పెట్టి, మ్యాగజైన్‌లో వేసి మిగతావి కాలుస్తాను. తర్వాత దాన్ని తీసి మళ్లీ కొలుస్తాను. ఈ డైతో చేసినవి కదలడం ఇంతవరకూ చూడలేదు.

బోల్ట్ యాక్షన్ .308 రైఫిల్‌లో మాత్రం క్రింప్ మానేశాను. నెక్ టెన్షన్ అన్నిటికీ ఒకేలా ఉంటే గ్రూపులు (టార్గెట్ మీద దెబ్బలు దగ్గరదగ్గరగా పడటం) క్రింప్ లేకుండానే బాగొస్తున్నాయి. గాడి లేని బుల్లెట్‌ని గట్టిగా క్రింప్ చేస్తే జాకెట్ నొక్కుకుపోతుంది. పైగా ఎంత క్రింప్ చేస్తే కేసు అంచు అంత త్వరగా చీలుతుంది. అదివరకు లేని క్రింప్‌ని ఏ లోడ్‌కైనా కొత్తగా చేరిస్తే ప్రెషర్ మారుతుంది కాబట్టి మాన్యువల్‌లోని కనీస చార్జ్ (పౌడర్ మోతాదు) నుంచి మళ్లీ మొదలుపెట్టండి.

బోల్ట్ రైఫిల్ ఒక్కటే ఉన్నవాళ్లు ముందు ఎక్స్‌పాండర్ మాండ్రెల్ (నెక్ లోపలికి దూర్చే కొలత కడ్డీ) కొనుక్కోండి, నెక్ లోపలి కొలత అన్నిటికీ ఒకేలా వస్తుంది. లివర్ రైఫిల్ ఉంటే మాత్రం ఈ డై తీసుకోండి, కానెలూర్ ఉన్న చదును మొన బుల్లెట్లే వాడండి.