పచ్చి టాకిలా, చేయి తిరిగిన లైన్‌మనా: డాలస్‌కు ఏది మేలు?

2024 ఏప్రిల్‌లో అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు డాలస్ కౌబాయ్స్, కాలేజీ ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, తమ మొదటి రౌండ్ ఎంపికగా ఓక్లహోమా విశ్వవిద్యాలయపు టాకిల్ (బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌ను కాపాడే లైన్‌లో అంచున నిలబడేవాడు) టైలర్ గైటన్‌ను తీసుకున్న నాటి నుంచి ఫ్రిస్కో, ఇర్వింగ్, ప్లేనోలలోని మన తెలుగు అభిమానులు ఎక్కడ కలిసినా అడిగే ప్రశ్న ఒక్కటే. కాలేజీలో సుమారు పదిహేను మ్యాచ్‌లు మాత్రమే ఆరంభ జట్టులో ఆడిన కుర్రవాణ్ని అంత ముందుగా తీసుకోవడం మేలా, లేక మూడు నాలుగేళ్లు నిలకడగా ఆడి తన పనితనం చూపించుకున్నవాణ్ని తీసుకోవడం మేలా? గైటన్ మీద పసుపు జెండా (తప్పుకు రిఫరీ వేసే గుర్తు) పడిన ప్రతి ఆదివారం ఈ ప్రశ్న మళ్లీ తలెత్తుతుంది. 2025లో 12వ ఎంపికగా వచ్చిన అలబామా గార్డ్ (టాకిల్ పక్కన లోపలివైపు ఆడేవాడు) టైలర్ బుకర్ మొదటి మ్యాచ్ నుంచే జాక్ మార్టిన్ ఖాళీ చేసిన కుడి గార్డ్ స్థానంలో నిలబడడంతో ఆ ప్రశ్నకు పదును మరింత పెరిగింది.

పోలిక న్యాయంగా జరగాలంటే ఆ రాత్రి జట్టు ముందు ఏ దారులున్నాయో గుర్తు చేసుకోవాలి. ఎడమ టాకిల్ టైరన్ స్మిత్ న్యూయార్క్ జెట్స్‌కూ, సెంటర్ (లైన్ నడుమ ఆడేవాడు) టైలర్ బియాడాష్ వాషింగ్టన్‌కూ వెళ్లిపోయారు కాబట్టి లైన్‌లో రెండు ఖాళీలున్నాయి. డాలస్ చేతిలో ఉన్నది 24వ ఎంపిక. ఆ సమయానికి గైటన్‌తో పాటు డ్యూక్ విశ్వవిద్యాలయపు గ్రాహమ్ బార్టన్, అరిజోనాకు చెందిన జోర్డన్ మోర్గన్ కూడా ఇంకా మిగిలే ఉన్నారు. డాలస్ ఆ 24వ ఎంపికను డెట్రాయిట్‌కు ఇచ్చి, 29వ ఎంపికనూ మూడో రౌండ్‌లోని 73వ ఎంపికనూ పుచ్చుకుంది. మోర్గన్‌ను 25వ స్థానంలో గ్రీన్ బే, బార్టన్‌ను 26వ స్థానంలో టాంపా బే తీసుకున్నాయి. 29లో గైటన్, 73లో కాన్సస్ స్టేట్ గార్డ్ కూపర్ బీబీ డాలస్‌కు వచ్చారు. కనుక గైటన్ ఒక్కడినీ బార్టన్ ఒక్కడినీ ఎదురెదురుగా నిలబెట్టి తీర్పు చెప్పడం సరికాదు. ఒక వైపు గైటన్, బీబీ ఇద్దరూ ఉంటే, మరో వైపు బార్టన్ ఒక్కడే ఉన్నాడు.

పచ్చి ఆటగాడి పక్షాన చెప్పదగిన మాటలు బలమైనవే. 6 అడుగుల 7 అంగుళాల ఎత్తు, 320 పౌండ్లకు పైబడిన బరువు, ఆ బరువుకు పొంతన లేనంత తేలికైన పాదాలు ఉన్న మనిషి డ్రాఫ్ట్ తొలి భాగంలో తప్ప సాధారణంగా దొరకడు. బయటి విపణిలో దొరికే ఎడమ టాకిల్ వయసు మళ్లినవాడో, విపరీతమైన ధర పలికేవాడో అయి ఉంటాడు. గైటన్ మొదట టీసీయూ (టెక్సస్ క్రిస్టియన్ విశ్వవిద్యాలయం)లో ఎదుటి జట్టును అడ్డుకునే డిఫెన్సివ్ లైన్‌లోనూ, బంతి అందుకునే టైట్ ఎండ్ తరహా పాత్రలోనూ తిరిగి, ఓక్లహోమాకు మారిన తర్వాతే టాకిల్‌గా కుదురుకున్నవాడు. అంటే అతనిలో కనిపించే లోపాలు చాలావరకు నేర్వని లోపాలే. మొక్కై వంగనిది మానై వంగునా అని ఈ పక్షం వాదిస్తుంది. నాలుగేళ్లు ఆడినవాడిలో మిగిలిపోయిన లోపం ఇక పోదని, ఏడాదిన్నర ఆడినవాడిలో ఉన్న లోపం దిద్దితే పోతుందని దాని సారాంశం.

ఈ వాదానికి అతి పెద్ద సాక్ష్యం మన ప్రత్యర్థి ఫిలడెల్ఫియాలోనే ఉంది. 2018 డ్రాఫ్ట్‌లో ఏడో రౌండ్ 233వ ఎంపికగా వచ్చిన జోర్డన్ మైలాటా ఆస్ట్రేలియాలో రగ్బీ లీగ్ ఆడినవాడు. అంతకు ముందు అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్ ఒక్కటి కూడా ఆడలేదు. 2019లో అదే జట్టు వాషింగ్టన్ స్టేట్‌లో పాస్ ప్రొటెక్షన్‌కు (బంతి విసిరేవాణ్ని కాపాడడానికి) పేరు తెచ్చుకున్న ఆండ్రె డిలార్డ్ కోసం 22వ స్థానానికి ఎగబాకింది. 2021లో ఎడమ టాకిల్ స్థానం కోసం ఇద్దరికీ పోటీ పెడితే గెలిచింది మైలాటా. పచ్చివాడు పండినవాణ్ని ఓడించాడని దీన్ని అందరూ ఉదాహరిస్తారు కానీ, మైలాటా మొదటి రెండు సీజన్లలో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదన్న సంగతిని, ఆ కాలమంతా జెఫ్ స్టౌట్‌లాండ్ అనే గురువు దగ్గర, జేసన్ పీటర్స్ వంటి దిగ్గజం నీడలో నేర్చుకున్నాడన్న సంగతిని మాత్రం వదిలేస్తారు. ఏడో రౌండ్ ఎంపికకు ఆ వెసులుబాటు దొరుకుతుంది. మొదటి రౌండ్ ఎంపికకు జట్టు ఇవ్వదు, అభిమానులూ ఇవ్వనివ్వరు.

చేయి తిరిగినవారి పక్షానికి వస్తే, బార్టన్ డ్యూక్‌లో మొదటి ఏడాది సెంటర్‌గా, ఆ తర్వాత మూడేళ్లు ఎడమ టాకిల్‌గా ఆడాడు. అతని చేతులు టాకిల్‌కు పొట్టివని, లోపలి స్థానమే తగినదని అందరూ ముందే అనుకున్నారు. టాంపా బే అతణ్ని సెంటర్‌లో నిలబెట్టింది. అతడు రూకీ (లీగ్‌లో మొదటి) ఏడాదిలోనే ఆ స్థానాన్ని సొంతం చేసుకున్నాడు. ఇటువంటి ఎంపికలో ఉత్కంఠ తక్కువ, ఊహలకు చోటు తక్కువ. డ్రాఫ్ట్ రాత్రి ఎవరూ ఎగిరి గంతులు వేయరు. డాలస్ చరిత్రలో దీనికి మేటి ఉదాహరణ 2014లో 16వ ఎంపికగా వచ్చిన మార్టిన్. ఆ రాత్రి జెర్రీ జోన్స్ మనసు క్వార్టర్‌బ్యాక్ జానీ మాన్‌జెల్ మీద ఉండగా, చుట్టూ ఉన్నవారు నచ్చజెప్పి నోటర్ డామ్ లైన్‌మన్ వైపు మళ్లించిన కథ డాలస్ అభిమానులలో తెలియనివారు లేరు.

ఇంతవరకు రెండు పక్షాలూ సమానంగానే తూగుతాయి. నా దృష్టిలో త్రాసును ఒక వైపు మొగ్గించేది ఆటగాడి అనుభవం ఎంత అన్నది కాదు, ఆ ఆటగాడికి ఒకేసారి ఎన్ని కొత్త పాఠాలు చెప్పదలచారన్నది. అభిమానుల వాదోపవాదాలలో ఈ అంశం దాదాపు వినిపించదు.

గైటన్ ఓక్లహోమాలో ఆడింది దాదాపు పూర్తిగా కుడి టాకిల్‌గా. ఆ జట్టు క్వార్టర్‌బ్యాక్ డిల్లన్ గేబ్రియల్ ఎడమచేతివాటం వాడు కనుక, అతని వీపు వైపు కాపు కాసే బాధ్యత కుడి టాకిల్‌దే. దీన్ని చూపించి, గైటన్ కష్టమైన పనే చేస్తూ వచ్చాడని, ఎడమ వైపు మార్చినా ఇబ్బంది ఉండదని చాలామంది తేల్చేశారు. బాధ్యత బరువు సమానమే కావచ్చు కానీ శరీరానికి ఆ లెక్క తెలియదు. కుడి టాకిల్ కుడి పాదం వెనక్కి పెట్టి నిలబడతాడు, స్నాప్ పడగానే (బంతి ఆటలోకి రాగానే) కుడి కాలితో వెనక్కి జరుగుతాడు, బయటి చేయి కుడిది, లోపలి చేయి ఎడమది. ఎడమ వైపుకు వస్తే ఇవన్నీ అద్దంలో బొమ్మలా తారుమారవుతాయి. ఎదుటివాడు ఏ వైపు దూకుతాడో ఆలోచించే వ్యవధి లేని ఆ క్షణంలో శరీరం పాత అలవాటునే ఆశ్రయిస్తుంది. అడుగు ఆలస్యమైతే దాన్ని కప్పిపుచ్చుకోవడానికి ముందే కదులుతాడు, అది ఫాల్స్ స్టార్ట్ అవుతుంది. కదలకపోతే వెనకబడి జెర్సీ పట్టుకుంటాడు, అది హోల్డింగ్ అవుతుంది. 2024లో గైటన్ మీద పడిన జెండాలలో అధిక భాగం ఈ రెండే కావడంలో నాకు ఆశ్చర్యం కనిపించదు. పైగా క్లీవ్‌లాండ్‌లో జరిగిన అతని మొదటి మ్యాచ్‌లోనే ఎదుటి జట్టులో క్వార్టర్‌బ్యాక్ మీదికి దూసుకొచ్చే మేటి రషర్ మైల్స్ గారెట్ ఉన్నాడు. ఆ మ్యాచ్‌ను డాలస్ 33-17తో గెలిచింది కానీ, నేర్చుకోవడానికి అంతకన్నా కఠినమైన తరగతి గది ఉండదు.

మార్టిన్ నోటర్ డామ్‌లో ఎడమ టాకిల్ కాదా, డాలస్‌లో కుడి గార్డ్ కాలేదా అన్న అభ్యంతరం సహజంగానే వస్తుంది. బార్టన్ టాకిల్ నుంచి సెంటర్‌కు, బీబీ గార్డ్ నుంచి సెంటర్‌కు మారారు కదా అని కూడా అడగవచ్చు. ఆ మార్పులన్నీ లోపలికి జరిగినవి. గార్డ్‌కూ సెంటర్‌కూ రెండు పక్కలా మనుషులుంటారు, కాపాడవలసిన మేర చిన్నది, అడుగు తప్పినా ఆదుకునే భుజం పక్కనే ఉంటుంది. ఒక అంచు నుంచి ఎదుటి అంచుకు మారినవాడికి ఆ ఆసరా లేదు. అది పండినవాడికీ సులభం కాదనడానికి పైన చెప్పిన డిలార్డే సాక్షి: 2019 నవంబరులో ఎప్పుడూ కుడి టాకిల్‌గా ఆడే లేన్ జాన్సన్ లేని మ్యాచ్‌లో అతణ్ని సియాటిల్ మీద కుడి టాకిల్‌గా దింపి, సగం ఆట ముగిసేసరికి తీసివేశారు. కాలేజీలో మూడేళ్లు ఆరంభ జట్టులో టాకిల్‌గా ఆడినవాడికే ఇలా ఉంటే, ఏడాదిన్నర ఆడినవాడి మాట చెప్పనక్కరలేదు.

విచిత్రమేమిటంటే డాలస్‌కు ఈ సంగతి తెలియనిది కాదు. 2011లో 9వ ఎంపికగా ఇరవై ఏళ్ల టైరన్ స్మిత్‌ను తీసుకున్నప్పుడు, యూఎస్‌సీ (దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం)లో ఆడిన కుడి టాకిల్ స్థానంలోనే మొదటి ఏడాది ఆడించి, 2012లో మాత్రమే ఎడమ వైపుకు మార్చారు. 2022లో 24వ ఎంపికగా వచ్చిన టైలర్ స్మిత్ కూడా పచ్చివాడేనని, టల్సాలో జెండాల పుట్టగా పేరు తెచ్చుకున్నాడని అభిమానులు అప్పుడూ గగ్గోలు పెట్టారు. శిక్షణ శిబిరంలో ఎడమ గార్డ్‌గా మొదలైన అతణ్ని, టైరన్ గాయపడగానే తాను కాలేజీలో ఆడిన ఎడమ టాకిల్ స్థానంలోనే దింపారు. ఆ మరుసటి ఏడాది గార్డ్‌గా, లీగ్‌లోని మేటి ఆటగాళ్లను ఎంచే ప్రో బౌల్‌కు వెళ్లాడు. ఇద్దరూ మొదటి ఏడాది తమకు తెలిసిన వైపే ఉన్నారు. గైటన్ విషయంలో ఆ క్రమాన్ని ఎందుకు పాటించలేదంటే, కుడి వైపు టెరెన్స్ స్టీల్ 2023లోనే దీర్ఘకాలిక ఒప్పందంతో పాతుకుపోయి ఉన్నాడు. ఖాళీ ఎడమ వైపు ఉంది గనుక మనిషిని ఖాళీకి తగ్గట్టు వంచారు. సిన్సినాటి ఇదే డ్రాఫ్ట్‌లో 18వ ఎంపికగా తీసుకున్న జార్జియా టాకిల్ అమేరియస్ మిమ్స్ కాలేజీలో ఆరంభ జట్టులో ఆడింది 8 మ్యాచ్‌లే, అంటే గైటన్ కన్నా పచ్చివాడు. అతణ్ని కుడి టాకిల్ స్థానంలోనే ఉంచారు. ట్రెంట్ బ్రౌన్ గాయపడగానే అదే స్థానంలో ఆడించారు. ఇద్దరి రూకీ సీజన్లనూ పక్కపక్కన పెట్టి చూసినవారికి తేడా కనిపిస్తుంది.

నేర్పడానికి సమయం ఉంటే ఈ చిక్కు కొంత తీరేది. కానీ 2011 నాటి కార్మిక ఒప్పందం నుంచి సీజన్ మధ్యలో ప్యాడ్లు వేసుకుని చేసే సాధన 14 సార్లకు పరిమితమైంది. లైన్‌మన్ పని ఎదుటివాడి బరువు చేతుల మీద పడితే తప్ప రాదు. సంచులను గుద్దుతూ నేర్చుకునేది సగమే. దీనికి తోడు గైటన్ 2025 జులైలో మోకాలి గాయంతో శిబిరంలో అత్యంత విలువైన వారాలను పోగొట్టుకున్నాడు. 2024లో నేర్పిన మైక్ సొలారీ స్థానంలో 2025లో కానర్ రైలీ వచ్చాడు కాబట్టి గురువు కూడా మారాడు. వైపు కొత్త, లీగ్ కొత్త, రెండో ఏడాదికే గురువు కొత్త.

మిగిలిన దారుల గురించి పెద్దగా చెప్పవలసింది లేదు. మోర్గన్ ఎడమ టాకిల్‌గా అనుభవమున్నవాడే కానీ 2022లో మోకాలి లిగమెంట్ దెబ్బతిన్న చరిత్ర ఉంది, గ్రీన్ బేలో రూకీ ఏడాది చాలావరకు గాయాలకే పోయింది. రెండో రౌండ్ దాకా ఆగి టాకిల్‌ను వెతికే దారిలో కాన్సస్ సిటీ నడిచింది. 63వ ఎంపికగా తీసుకున్న కింగ్స్‌లీ సువమటాయాను రెండో మ్యాచ్‌లోనే ఎడమ టాకిల్ నుంచి తప్పించి, తర్వాత గార్డ్‌గా మార్చుకుంది. పాత ఆటగాడిని ఏడాది అద్దెకు తెచ్చుకోవడమన్నది ఆ వేసవిలో డాలస్ పెట్టుబడి ధోరణి చూసినవారికి నవ్వు తెప్పించే ఆలోచన.

ఇక నా మొగ్గు. 2023లో 12 మ్యాచ్‌లు గెలిచి, సొంత మైదానంలో గ్రీన్ బే చేతిలో 48-32తో ఓడి, ముఖ్య శిక్షకుడు మైక్ మెకార్తీ ఒప్పందపు చివరి ఏడాదిలో ఉన్న జట్టుకు ఓపిక అన్నది లేదు. అటువంటి జట్టుకు టైలర్ స్మిత్‌ను తనకు తెలిసిన ఎడమ టాకిల్ స్థానానికి పంపి, లోపలి ఖాళీలను బార్టన్ వంటి చేయి తిరిగినవాడితో నింపడమే మేలని నేను అనుకుంటాను. ప్రో బౌల్ గార్డ్‌ను కదిలిస్తే ఒక బలాన్ని చెడగొట్టుకున్నట్టు కాదా అన్న ప్రశ్న సమంజసమే, దానికి పూర్తి సమాధానం నా దగ్గర లేదు. అయినా గార్డ్‌ను వెతుక్కోవడం ఎడమ టాకిల్‌ను వెతుక్కోవడమంత దుర్లభం కాదు. డెట్రాయిట్‌తో చేసిన మార్పిడిని మాత్రం నేను తప్పుపట్టను. సెంటర్‌గా ఎదిగిన బీబీ ఒక్కడే ఆ బేరానికి సగం ధర రాబట్టాడు. కుడి వైపు ఖాళీ ఉండి, ఏడాది కూర్చోబెట్టగలిగిన జట్టుకైతే 29వ స్థానంలో గైటన్ చవక బేరమే.

మొదటి రౌండ్ ఒప్పందం నాలుగేళ్లది. అయిదో ఏడాది కూడా ఉంచుకోవాలో లేదో డాలస్ 2027 వసంతంలో తేల్చుకోవాలి. ఆ లోపు గైటన్‌ను గమనించేవారు అతను ఎన్ని శాక్‌లు (క్వార్టర్‌బ్యాక్‌ను ఎదుటివారు పడగొట్టడం) ఇచ్చాడన్న అంకె కన్నా, బయటి మైదానాలలో హోరు మధ్య వేగంగా దూసుకొచ్చే రషర్ ఎదుట నిలిచినప్పుడు అతని ఎడమ పాదం వేసే మొదటి అడుగును చూడడం మంచిది. అది స్నాప్‌తో పాటే పడుతోందా, ఆలోచించి పడుతోందా అన్నది టీవీ తెరమీద కూడా తెలిసిపోతుంది.